రెండు చేతుల కట్టు

“ఆ బూట్లు విప్పు. నువ్వు రావటం లేదు.”

“నేను నీ వెంట రావటం లేదుగా నాన్నా. గుమ్మంలో కూర్చున్నాను. ఈ గుమ్మం కూడా నీ పందిరిదేనా ఏమిటి?”

కామ్‌తాయ్ గంజిలో ఉడికిన వేరుశనగ పలుకుల్ని ఒక్కొక్కటే ఏరుకుని తింటున్నాడు. ఆ చిన్న ఇంట్లో వంటగట్టుకీ గుమ్మానికీ మధ్య మనిషి ఒత్తిగిలి పడుకునేంత జాగా ఉందంతే. తండ్రి ఇటు, కూతురు అటు. మధ్యలో తల్లి యూక్‌హా, చేతిలో కషాయం గిన్నెతో.

నిన్న సాయంత్రం తండ్రీకూతుళ్ళు ఉత్సవానికి వెదురు నాటక పందిరి కడుతున్న దీవి నుంచి ఒకే పడవలో వచ్చారు. ఒకే లిఫ్టులో పైకి వచ్చారు. తలుపు తీయగానే కామ్‌తాయ్ అన్న మొదటి మాట, “రేపట్నుంచి ఆసమ్ పనిలోకి రాదు.” ఎందుకని అడిగితే తువ్వాలు తీసుకుని స్నానానికి వెళ్ళిపోయాడు. కూతుర్ని అడిగితే గోడవైపు తిరిగి పడుకుంది. అప్పట్నుంచీ ఇద్దరి నోటా కారణం రాలేదు. పోట్లాట మాత్రం తెల్లారగానే మళ్ళీ మొదలైంది.

ఆసమ్ వెదురు పరంజా కట్టే పనిలో చేరి రెండేళ్ళు దాటింది. తండ్రి జట్టులో ఆడపిల్ల ఆ అమ్మాయి ఒక్కతే. కూతురు ఆ వెదుళ్ళ మీదినుంచి దిగిపోయి నలుగురిలా నేల మీద బతకాలని యూక్‌హా ఆ రెండేళ్ళూ మొక్కని దేవత లేదు. ఇవాళ కోరిక తీరింది. కానీ సంతోషం మాత్రం ఎక్కడో చిక్కుకుని బయటికి రావటం లేదు.

“కషాయం తాగు,” అంది భర్తతో.

“ఇవాళ్టికి వద్దులేవే.”

“వద్దులేవే అంటే? మొహం అద్దంలో చూసుకున్నావా? పెదాల చివర్లు ఎలా చిట్లాయో చూడు. ఒంట్లో వేడి అంతా నోటికి ఎక్కింది. ఎండలో మాడి రావటం, పైగా వేయించిన బాతు మాంసం తినటం.”

కామ్‌తాయ్ గిన్నె అందుకున్నాడు. గుమ్మంలోంచి కూతురు అతని వైపే చూస్తోంది. అతను ఆ చూపుకి దొరక్కుండా గిన్నె ఎత్తి గటగటా తాగేశాడు. ఆ కషాయం ఎంత చేదంటే, మూలికల కొట్టువాడే జాలిపడి కొన్నవాళ్ళ చేతిలో ఒక ఉప్పు రేగుపండు పెడతాడు. సూపులో ఉప్పు కాస్త తగ్గితే మూడు రోజులు గుర్తుచేసే మనిషి, నెల రోజులుగా ఆ చేదుని నోరు మెదపకుండా తాగుతున్నాడు. ఒంట్లో నిజంగానే బాగా లేదేమోనని యూక్‌హా అనుకుంది.

అతను సంచి భుజాన వేసుకుని గుమ్మం దగ్గరికి వచ్చాడు.

“జరుగు.”

“జరగను. దాటి వెళ్ళు. ఎత్తులు దాటటం నీకు కొత్తా?”

ఆ మాటకి కామ్‌తాయ్ మొహంలో ఏదో కదిలింది. కూతురి మోకాళ్ళ మీదుగా కాలు వేసి దాటాడు. దాటేటప్పుడు అతని ఎడమ చెయ్యి ద్వారబంధాన్ని పట్టుకుంది. అవతల అడుగు పడ్డాక కూడా ఆ చెయ్యి వెంటనే వదల్లేదు.

యూక్‌హా అది చూసింది. చూసి, ఖాళీ గిన్నె తొట్టిలో పెట్టింది.

*

“మీ నాన్న వెళ్ళిపోయాడుగా. ఇంక విప్పవే ఆ బూట్లు.”

ఆసమ్ కదల్లేదు.

“నిజం చెప్పాలంటే మంచిదే అయింది. మీ చిన్నత్త బేకరీలో మనిషి కావాలట. చల్లగా నీడపట్టున రొట్టెలు చేసుకోవచ్చు.”

“బేకరీలో పొయ్యి ఉంటుందమ్మా. చల్లగా ఏం ఉండదు.”

“జారిపడితే నేలేగా ఉండేది.”

“పరంజా మీంచి పడినా నేలే ఉంటుంది.”

“మూతి పగలగొడతాను! పడటం అనే మాట ఈ ఇంట్లో అనకూడదని తెలీదా నీకు?”

“ముందు అన్నది నువ్వే.”

యూక్‌హా నాలుక కరుచుకుంది. కూతురు పెదవి బిగబట్టి నవ్వు ఆపుకుంది. ఇద్దరిలో ఏ ఒక్కరు నవ్వినా పోట్లాట అక్కడితో అయిపోయేది. కానీ నవ్వలేదు. యూక్‌హా సాయంత్రానికి మూలికలు నానబెడదామని పొట్లం విప్పింది. ఎండుటాకుల వాసన గదంతా కమ్ముకుంది.

“అమ్మా. ఆ కషాయం ఇంక కాయకు.”

“ఏం? వాసన పడటం లేదా?”

“అది వేడి కాదు.”

“మరేమిటి?”

ఆసమ్ తన బూటు తాడు విప్పింది. మళ్ళీ కట్టింది. అంతే.

కిటికీ బయట కింది అంతస్తులో ఎవరో బట్టలు దులుపుతున్న చప్పుడు వినిపిస్తోంది. యూక్‌హా పొట్లం పక్కన పెట్టి కూతురి దగ్గరికి వచ్చింది. గడ్డం పట్టుకుని మొహం వెలుగులోకి తిప్పింది. రెండేళ్ళుగా అదే ఎండ, అదే పని, అదే బాతు మాంసం. పిల్ల పెదాలు మాత్రం నున్నగా ఉన్నాయి.

“నీకెందుకు చిట్లలేదు?”

“వదులమ్మా.”

“అడుగుతున్నానా?”

“నేను చెప్పను. నాన్న చెప్పాలి. లేదా నువ్వే తెలుసుకో.”

యూక్‌హా కూతురి పని సంచి ముందుకి లాక్కుంది. అందులో నల్లటి నైలాన్ పట్టీల కట్ట ఉంది. వెదురుకి వెదురు కట్టేది ఆ పట్టీలతోనే. ఆమె చిన్నతనంలో నైలాన్ ఇంకా రాలేదు. వెదురు పై బెరడు చీల్చి, నీళ్ళలో నానబెట్టిన బద్దలతో కట్టేవాళ్ళు. తల్లి పక్కన కూర్చుని ఆ బద్దలు చీల్చిన పిల్ల యూక్‌హా. వాటిని తీసుకుపోవటానికి వచ్చిన ఒక బక్కపలచని కుర్రాడు, “ఈ బద్దలు మరీ మందంగా ఉన్నాయి, ఎవరు చీల్చారు?” అని అడిగాడు. “నేనే. కావాలంటే తీసుకో, లేకపోతే పో,” అంది ఆమె. అతను తీసుకున్నాడు. మర్నాడు మళ్ళీ వచ్చాడు. ఆ వంకలు పెట్టటం ఇప్పటికీ మానలేదు.

ఆమె ఒక పట్టీ లాగి కిటికీ దగ్గరికి వెళ్ళింది. బట్టలు ఆరేసే వెదురు గడకి చీపురు కర్ర అడ్డంగా పెట్టి కట్టు వేసింది. చేతులు మరిచిపోలేదు. బిగించి చుట్టటం, రెండు కొసల్నీ రెండు చేతులతో చెరోవైపు లాగి మెలిపెట్టటం, ఆ మెలికని చుట్ల కిందికి దోపటం. ముడి ఉండదు. రెండు చేతుల బలమే ముడి. చీపురు కర్ర కదల్లేదు.

అది విప్పేసింది. ఈసారి ఎడమ చేత్తో కిటికీ ఊచ పట్టుకుంది. ద్వారబంధాన్ని పట్టుకున్న భర్త చెయ్యి లాగానే పట్టుకుంది. మిగిలింది కుడి చెయ్యి ఒక్కటే. చుట్టగలిగింది. మెలిపెట్టటానికి రెండో కొస పట్టుకునేవాళ్ళు లేరు. దాన్ని పళ్ళ మధ్య పెట్టి లాగింది.

పట్టీ అంచు కత్తిలా నోటి మూల కోసింది.

“అమ్మా!” ఆసమ్ లేచి పరిగెత్తుకొచ్చింది.

యూక్‌హా పెదవి తుడుచుకుని వేలు చూసుకుంది. నాలుక మీద ఉప్పగా తగిలింది. చీపురు కర్ర మెల్లగా ఒక పక్కకి వాలిపోయింది.

“ఎప్పట్నుంచి?” అంది.

ఆసమ్ ఇంక ఆగలేదు. వానాకాలం మొదట్లో ఒక పెద్ద భవనం పైభాగాన గోడ మరమ్మతుకి పరంజా కడుతున్నప్పుడు, తడిసిన వెదురు గడ ఒకటి నాన్న చేతిలోంచి జారిందని చెప్పింది. కింద ఎవరూ లేరు. ఒక షాపు ముందరి రేకు సొట్ట పడింది, అంతే.

“ఎవరికీ ఏమీ కాలేదమ్మా. కానీ అది తిరుగుతూ తిరుగుతూ దిగింది. కింద చప్పుడు వినబడేదాకా నాన్న అలాగే చూస్తూ ఉండిపోయాడు. అప్పట్నుంచీ పైకెక్కితే ఎడమ చెయ్యి వెదుర్ని వదలటం లేదు. బెల్టు తగిలించుకున్నా వదలదు. కాళ్ళు మామూలుగానే ఎక్కుతాయి. చెయ్యే.”

“నీతో చెప్పాడా?”

“నాతోనా! వెనకాల వెళ్ళేది నేనేగా. నాన్న వేసిన కట్టు ముట్టుకుంటే తెలిసింది. ఉమ్ముతో తడిగా ఉంది.”

“నువ్వేం చేశావ్?”

“విప్పి మళ్ళీ కట్టాను.”

“ఎన్నిసార్లు?”

“అన్నీ.”

యూక్‌హా మంచం అంచున కూర్చుంది.

“నిన్న నాన్న వెనక్కి తిరిగి చూశాడు,” అంది ఆసమ్. “ఏదో మర్చిపోయి వచ్చినట్టున్నాడు. నా చేతిలో తన కట్టు సగం విప్పి ఉంది. ఏమీ అనలేదమ్మా. తిడితే బాగుండేది. నేను కట్టేదాకా నిలబడి, కట్టాక వేలు పెట్టి లాగి చూశాడు. తర్వాత ‘ఇంటికి పో’ అన్నాడు.”

“నాతో ఎందుకు చెప్పలేదే?”

“చెబితే ఏం చేసేదానివి? ఆయన బూట్లు బియ్యం డబ్బాలో దాచేదానివి.”

“దాచేదాన్నే! తప్పేముంది?”

“బూట్లు దాస్తే కాళ్ళు ఆగుతాయి. చేతికేం చేస్తావ్?”

నెల రోజులుగా పిల్ల ఒంటరిగా మోసిన బరువు తలుచుకుంటే యూక్‌హాకి కోపం రావాలి. వస్తున్నది కోపం కాదు. తను పొయ్యి మీద చేదు మరిగిస్తుంటే, ఆ మనిషి నిజం చెప్పటం కంటే అది తాగటమే తేలికనుకున్నాడు. అది తలుచుకుంటే నవ్వూ వచ్చింది, కళ్ళ వెంట నీళ్ళూ వచ్చాయి.

ఆమె లేచి మూలికల పొట్లం మూట కట్టి అటక మీదికి విసిరింది. పాలటీ కాచి, తీపి గట్టిపాలు రెండు చెంచాలు ఎక్కువ వేసి ఫ్లాస్కులో పోసింది.

“ఎక్కడికి?” అంది ఆసమ్.

“మీ నాన్న దగ్గరికి.”

“పని జరిగే చోటికా? నువ్వా?”

“బూట్లు ఎలాగూ కాళ్ళకే ఉన్నాయిగా. నడువు.”

*

ముప్పై ఏళ్ళ కాపురంలో యూక్‌హా ఒక్కసారి కూడా భర్త పనిచేసే చోటికి వెళ్ళలేదు. మనిషి పైన ఉండగా ఇంటివాళ్ళు కింద నిలబడి చూడటం వాళ్ళలో లేదు. పైనున్న వాడిని కింది నుంచి పేరు పెట్టి పిలవటం అసలే లేదు. పేరు వినబడితే తల తిరుగుతుంది, తల వెంట ఒళ్ళు తిరుగుతుంది. అందుకే జట్టులో అందరూ “గడ!” అని, “పట్టీ!” అని అరుస్తారు తప్ప పేర్లు పలకరు. ఏటా పందిరి పూర్తయి, సముద్ర దేవత ఉత్సవానికి నాటకం మొదలయ్యాకే ఆమె దీవికి వచ్చేది. ముందు వరసలో కూర్చుని, వేయించిన గింజలు నములుతూ, రాణి కష్టాలకి ఏడ్చి, తృప్తిగా ఇంటికి వెళ్ళేది.

ఇప్పుడు పడవ దిగి చూస్తే పందిరి ఎముకల గూడులా నిలబడి ఉంది. కొండరాయి అంచున కట్టటం వల్ల సముద్రం వైపు భాగానికి కింద నేల లేదు. పందిరి ఎత్తుకి కొండ ఎత్తు కలిసి, చిట్టచివర రాళ్ళ మీద విరిగిపడే నురగ తెల్లగా కనిపిస్తోంది. ఆసమ్ పడవల రేవు దగ్గరే ఆగిపోయింది. “నాన్న పిలిస్తేనే వస్తాను,” అంది.

జట్టంతా మధ్యాహ్నపు టీకి దిగి ఉన్నారు. ఆమెని ముందు చూసింది ఆషెక్. కామ్‌తాయ్‌ని ‘సీఫూ’, అంటే గురువు, అని పిలుస్తూ పని నేర్చుకుని అతని పక్కనే ఉండిపోయిన భారీ మనిషి.

“వదినా! ఉత్సవం ఇంకా మొదలవలేదు. దేవత కంటే ముందే మీరు దిగిపోయారే!”

“మీ సీఫూ ఏడీ?”

“అదిగో, కత్తి నూరుతున్నాడు. పొద్దున్నుంచీ నూరుతూనే ఉన్నాడు. సాయంత్రానికి పిడి ఒక్కటే మిగిలేట్టుంది.”

“కొప్పు వెదురు ఎక్కించలేదా?”

ఆషెక్ గొంతు తగ్గించాడు. “రేపు రేకులు పరవాలి వదినా. ఇవాళ ఎక్కించక తప్పదు. ఎప్పుడంటే అప్పుడే ‘గాలి తగ్గనీ’ అంటాడు. గాలి ఎక్కడుందో నాకు కనబడటం లేదు.”

పందిరి నడినెత్తిన పడుకోబెట్టాల్సిన ఆ పొడవాటి కొప్పు వెదురు, రెండు కొసలకీ ఎర్రగుడ్డ చుట్టుకుని నేల మీద సిద్ధంగా ఉంది. దానికి రెండు వైపులా ఒకేసారి ఇద్దరు కట్టు వేస్తారు. గుడి వైపు కొస ఎవరికైనా రావచ్చు. సముద్రం వైపు కొస మాత్రం సీఫూదే. ఆ రోజు మిగతావాళ్ళు ఎవరూ దాని వైపు చేయి చాచరు.

కామ్‌తాయ్ వెదుళ్ళ గుట్ట మీద కూర్చుని ఉన్నాడు. భార్యని చూసి కత్తి ఆపాడు.

“ఏమైంది? ఇంట్లో ఎవరికన్నా...”

“ఎవరికీ ఏమీ కాలేదు. టీ తెచ్చాను.”

“ఇంత దూరం ఆ చేదు మోసుకొచ్చావా?”

“తాగి చూడు.”

అతను మూత తీసి, ముక్కు ముడుచుకుని, ఒక గుక్క తాగాడు. ఆగాడు. ఇంకో గుక్క తాగాడు. గట్టిపాల తీపి నోట్లో ఉంచుకుని చాలాసేపు మింగలేదు.

యూక్‌హా అతని పక్కన గుట్ట మీద కూర్చుంది. ఎదురుగా సముద్రం. ఇద్దరూ దాన్నే చూస్తున్నారు.

“ఇంక కషాయం కాయను,” అంది.

“ఎవరు చెప్పారు? అదేనా?”

“దాన్నేం అనకు. అది చెప్పలేదు. ఇదిగో, ఇది చెప్పింది.” తన పెదవి మూల చూపించింది.

అతను ఇటు తిరిగి ఆ గాటు చూశాడు. అర్థం కావటానికి ఒక్క క్షణం పట్టింది. అర్థమయ్యాక మొహం చిత్రంగా అయింది. “నువ్వు... ఎక్కడ కట్టావే?”

“చీపురు కర్రకి.”

“నిలిచిందా?”

“వాలిపోయింది.”

కామ్‌తాయ్ భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడేమోనని ఆమె భయపడింది. నవ్వుతున్నాడు. చిట్లిన పెదాలు నొప్పి పెడుతుంటే చేత్తో మూసుకుని మరీ నవ్వుతున్నాడు. దూరం నుంచి ఆషెక్ ఇది చూసి, ఏమీ తెలియకపోయినా తనూ నవ్వటం మొదలుపెట్టాడు.

“నెల రోజులు తాగావు కదయ్యా! ఒక్క మాట చెబితే పోయేది కదా!”

“నువ్వు రోజుకింత ఎక్కువ మరిగిస్తుంటివి. మొదటి రోజే చెప్పాల్సింది. రెండో రోజుకి సిగ్గేసింది. ఆ తర్వాత చేదుకి అలవాటు పడ్డాను.”

నవ్వు తగ్గింది. అతను తన ఎడమ అరచెయ్యి తెరిచి చూసుకున్నాడు. అది వేరే ఎవరిదో అన్నట్టు చూశాడు.

“మాట వినటం లేదే. పైకి వెళ్ళగానే బిగుసుకుపోతుంది. వదలమని చెబుతాను. వినదు. పిల్ల మీద కోపం లేదు నాకు. నా కట్టు విప్పి కట్టింది. నాకంటే బాగా కట్టింది. నిన్న ఆ కట్టు లాగి చూసినప్పుడు...” ఆగాడు. “అది విప్పకపోయి ఉంటే ఏమయ్యేదో తెలుసు నాకు. తెలిసే పళ్ళతో కట్టాను. రేకుల కింద ఊరంతా కూర్చుంటుంది.”

“ముందు వరసలో నేను కూర్చుంటాను,” అంది యూక్‌హా.

అతను తల దించుకున్నాడు. ఆ మాట ఆమె మెత్తగానే అంది. కానీ వెనక్కి తీసుకోలేదు. అలలు రాళ్ళకి కొట్టుకోవటం ఒక్కటే వినిపించింది.

“ఏం చెయ్యమంటావ్?” అన్నాడు చివరికి.

ముప్పై ఏళ్ళలో అతను ఆ మాట అడగటం ఇదే మొదటిసారి. దిగిపో అనాలని ఆమెకి నోటిదాకా వచ్చింది. దిగిపో, ఇంటికి పోదాం, ఇంక చాలు. ఎన్నాళ్ళుగానో దాచుకున్న మాట. ఇవాళ చెబితే వింటాడు కూడా.

“పిల్ల రేవులో నిలబడి ఉంది,” అంది. “ముందు దాన్ని పిలువు.”

*

ఆసమ్ వచ్చి తండ్రి ముందు నిలబడింది. బూట్ల వైపు చూస్తోంది.

“సముద్రం వైపు నువ్వు కట్టు,” అన్నాడు కామ్‌తాయ్.

టీ కప్పులు ఎక్కడివక్కడ ఆగిపోయాయి.

“అది సీఫూ కొస,” అంది ఆసమ్.

“తెలుసు. ఎవరిదో నాకు నేర్పుతున్నావా? నిన్నటిదాకా నా కట్లన్నీ విప్పావుగా. ఇది నువ్వే కట్టు, ఎవరూ విప్పక్కర్లేదు.”

ఆ అమ్మాయి మొహం ఎర్రబడింది. “నాన్నా, నేను...”

“పొద్దు పోతోంది. ఎక్కు.”

“మీరు ఇటు తిరిగి కూర్చోండి వదినా,” అన్నాడు ఆషెక్ నెమ్మదిగా. “చూడకూడదు.”

“ముప్పై ఏళ్ళు చూడలేదు,” అంది యూక్‌హా. “దానివల్ల ఏం తెలిసింది నాకు?”

ఆసమ్ ఎక్కింది. మెట్లు లేవు, నిచ్చెన లేదు. వెదురు మీద వెదురు పట్టుకుని, నడుముకి వేలాడే పట్టీలు ఊగుతుండగా, ఇంట్లో మంచం ఎక్కినంత మామూలుగా ఎక్కింది. కొప్పు వెదురు ఒకరి చేతిలోంచి ఒకరి చేతిలోకి, ఒక వరస మీదినుంచి పై వరసకి లేచింది. “గడ!” అన్న కేకలే తప్ప ఒక్క పేరు వినబడలేదు. చివర ఆసమ్ దాన్ని అందుకుని గాడిలో పడుకోబెట్టింది. కాళ్ళు వెదురుకి మెలివేసి, నడుము బెల్టు తగిలించి, రెండు చేతులూ వదిలేసింది. కింద నురగ. పైన ఆకాశం. మధ్యలో తన కడుపున పుట్టిన పిల్ల, గాలిలో రెండు చేతులూ చాచి.

యూక్‌హా కళ్ళు మూసుకోలేదు. పిల్ల చేతులు చుట్టి, లాగి, మెలిపెట్టి, దోపాయి. ఎక్కడా తొందర లేదు. ఆ చేతులు చూస్తుంటే భయం పక్కనే ఇంకేదో వచ్చి కూర్చుంది. అది గర్వమని ఒప్పుకోవటానికి ఆమెకి ఇంకా మనసు రాలేదు.

గుడి వైపు కొస ఖాళీగా ఉంది. ఆషెక్ లేచి చేతులు దులుపుకున్నాడు.

“కూర్చో,” అన్నాడు కామ్‌తాయ్.

“సీఫూ, నేను...”

“కూర్చోమన్నానా?”

కత్తి మొలలో దోపుకున్నాడు. పట్టీల కట్ట నడుముకి వేలాడదీసుకున్నాడు. భార్య వైపు ఒకసారి చూశాడు. ఆమె ఆపుతుందేమోనని చూశాడో, ఆపాలని చూశాడో తెలియదు. యూక్‌హా ఫ్లాస్కు మూత బిగించింది. అంతకంటే ఏమీ చేయలేదు.

అతను ఎక్కాడు. ఆసమ్ చెప్పింది నిజమే, కాళ్ళకి భయం లేదు. ఆ వయసులోనూ ఎంత తేలిగ్గా పోతున్నాడో! కింది నుంచి చూస్తే ఆ వంకలు పెట్టే బక్కపలచని కుర్రాడే ఎక్కుతున్నట్టుంది. పైకి చేరాడు. కాళ్ళు మెలివేశాడు. బెల్టు తగిలించాడు. కొప్పు వెదురుకి అటు కొసన కూతురు, ఇటు కొసన తండ్రి. ఆసమ్ అతని వైపు చూడలేదు. కావాలనే సముద్రం వైపు చూస్తూ కూర్చుంది.

అతని కుడి చెయ్యి నడుము నుంచి పట్టీ లాగింది. ఎడమ చెయ్యి వెదురు మీద ఉంది. కుడి చెయ్యి పట్టీని కొప్పు చుట్టూ తిప్పింది. ఒక చుట్టు, మరో చుట్టు. ఎడమ చెయ్యి వెదురు మీదే ఉంది.

ఇంక మెలిపెట్టాలి.

పట్టీ కొస నోటి దగ్గరికి లేచింది. కింద యూక్‌హా నోట్లో భర్త పేరు నిండుగా ఉంది. చిన్నప్పుడు బద్దల కట్ట అందిస్తూ మొదటిసారి పలికిన పేరు. పలికితే అతని తల తిరుగుతుంది. ఆమె పెదవి మూల గాటుని పళ్ళతో నొక్కి పట్టుకుంది.

పైన కామ్‌తాయ్ నోరు తెరిచాడు. కాసేపు అలాగే ఉన్నాడు. తర్వాత మూసుకున్నాడు. పట్టీ కొస గాలిలో ఊగుతోంది.

ఎడమ చెయ్యి బొటనవేలు లేచింది. చూపుడువేలు లేచింది. మధ్యవేలు లేవటానికి చాలాసేపు పట్టింది, కానీ లేచింది. దాని పక్క వేలూ లేచింది.

చిటికెనవేలు మాత్రం ఇంకా వెదురు మీదే ఉంది.